బరువు వాహనములను నడపువారి లైసెన్సు: యజమాని యగు రైతు తెలిసికొనవలసిన సంగతులు

రైతు యింట ఎడ్లబండి యున్న దినములలో బండి తోలువాడు నమ్మకస్థుడా, ఎడ్లను బాధింపక తోలునా యని మాత్రమే యజమాని విచారించుకొనెడివాడు. నేడు మన అనకాపల్లి ప్రాంతమున చెరకు పొలమునుండి గానుగకును మిల్లునకును ట్రాక్టరు ట్రాలీలపై పోవుచున్నది. బెల్లపు దిమ్మలు మార్కెట్టునుండి లారీలపై 16వ నంబరు జాతీయ రహదారి వెంట దూరప్రాంతములకు చేరుచున్నవి. సభ్యులలో ననేకులు ట్రాక్టరులు కొనియున్నారు. కొందరు చిన్న సరకుల వ్యానులను, కొలదిమంది లారీలను సంపాదించి, స్వంత సరకుతోబాటు కిరాయి సరకును గూడ తోలుచున్నారు. ఇట్టివారు వాహనపు ధరను, దానిపై అప్పును, డీజిలు ఖర్చును చక్కగా లెక్క వేసికొందురు; కాని నడపువాని యొద్దనున్న లైసెన్సు ఆ వాహనమునకు చెల్లునా చెల్లదా యను విచారణను తరచుగా విడిచిపెట్టుచున్నారు. దానిని గూర్చియే యీ మాసమున వ్రాయదలచితిమి.

ఇది జరిమానాతో తీరిపోవు సంగతి కాదు. రహదారిపై నొకనికి ప్రాణహాని గాని అంగవైకల్యము గాని కలిగినపుడు, న్యాయస్థానమువారు నిర్ణయించు నష్టపరిహారము పలుమారు లక్షల రూపాయలలో నుండును. బీమా కట్టితిని గదా యని యజమాని ధైర్యముతో నుండును. కాని బీమా కంపెనీవారు తొలుదొలుత నడుగు కాగితములలో నడపువాని లైసెన్సు ఒకటి. అది ఆ తరగతి వాహనమునకు చెల్లనిదైనచో, పాలసీ షరతు భంగమైనదని వారు వాదింతురు. ఆ వాదము నెగ్గినయెడల, బాధితులకు కంపెనీ ముందుగా సొమ్ము చెల్లించి, పిదప దానిని యజమానినుండి రాబట్టుకొనవచ్చునని న్యాయస్థానములు తీర్పు చెప్పుట కలదు. అంతటి సొమ్ము రైతు యొద్ద రొక్కముగా నుండదు, ఉండునది భూమియే. కాబట్టి లైసెన్సు తరగతుల విచారణ భూమిని కాపాడుకొను విచారణయే యని మా యభిప్రాయము.

చట్టము చెప్పు తరగతులు

మన దేశమునకంతకు వర్తించు మోటారు వాహనముల చట్టము మొదట 1914లోను, పిదప 1939లోను చేయబడెను. ఇప్పుడు అమలునందున్నది 1988వ సంవత్సరపు చట్టము; ఇది 1989 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఈ చట్టము ప్రకారము లైసెన్సు మనిషికి ఇయ్యబడునదే యైనను, ఏ తెగ వాహనమును నడుపుటకు ఇయ్యబడినదో అందు వ్రాయబడి యుండును. గేరు లేని మోటారు సైకిలు, గేరు గల మోటారు సైకిలు, తేలిక మోటారు వాహనము, ట్రాన్స్‌పోర్టు వాహనము, రోడ్డు రోలరు మొదలగునవి ఆ తెగలు. వికలాంగులకు అనువుగా మార్చిన వాహనమునకు వేరు తెగ కలదు. వీనిలో నిమడని యంత్రములకు “నిర్దిష్ట వర్ణన గల వాహనము” అను మరియొక తెగ కలదు. ఒక తెగకు లైసెన్సున్నవాడు అన్నిటిని నడపవచ్చునను తలంపు సరికాదు. పెద్ద లారీ నడపు లైసెన్సు గలవాడైనను, మోటారు సైకిలునకు వేరుగా అనుమతి పొందియుండవలెను.

1988లో చట్టము చేసినపుడు బరువు వాహనములకు నాలుగు తెగలుండెను: మధ్యతరహా సరకు వాహనము, మధ్యతరహా ప్రయాణికుల వాహనము, భారీ సరకు వాహనము, భారీ ప్రయాణికుల వాహనము. 1994లో చట్టమును సవరించి, ఆ సంవత్సరము నవంబరు 14వ తేదీనుండి యీ నాలుగింటిని కలిపి “ట్రాన్స్‌పోర్టు వాహనము” అను ఒకే తెగగా చేసిరి. జనులు నేటికిని “హెవీ లైసెన్సు” అని చెప్పుకొనుచున్నది దీనినే. కార్డుపై దీనిని “ట్రాన్స్” అనియు, తేలిక వాహనమును “ఎల్.ఎం.వి.” అనియు సంక్షేపముగా ముద్రించుట వాడుక.

బరువు నెట్లు లెక్కింపవలెను?

తేలిక వాహనమునకును బరువు వాహనమునకును నడుమ చట్టము పెట్టిన గట్టు 7,500 కిలోలు. అయితే ఏ బరువు 7,500 కిలోలు అను ప్రశ్న కలదు. రిజిస్ట్రేషను పత్రమున రెండు బరువులు వ్రాయబడి యుండును. సరకు లేనపుడు వాహనము తూగునది ఉత్త బరువు. వాహనమును, అది మోయదగిన సరకును కలిపి రిజిస్ట్రేషను అధికారి అనుమతించినది మొత్తపు బరువు. సరకుల వాహనమునకు మొత్తపు బరువును చూడవలెను. కారునకు, ట్రాక్టరునకు, రోడ్డు రోలరునకు ఉత్త బరువును చూడవలెను.

సరకుల వాహనపు మొత్తపు బరువు 7,500 కిలోలు మించనిచో అది తేలిక మోటారు వాహనము. 7,500 దాటి 12,000 కిలోలవరకు మధ్యతరహా వాహనము. 12,000 కిలోలు దాటినది భారీ వాహనము. కూరగాయలను, ఎరువు బస్తాలను తోలు చిన్న వ్యానులు మొదటి తరగతిలోనివి. కొన్ని చిన్న లారీలను తయారుచేయువారు 7,500 కిలోలకు కొంచెము లోపలనే యుండునట్లు నిర్మించుచున్నారు. పది చక్రముల లారీ నిస్సందేహముగా భారీ వాహనమే. కంటికి చిన్నదిగా కనబడుచున్నదను నమ్మకముతో నుండక, పత్రమునందలి అంకెను చూచుట మేలు.

ఇందు రెండు పొరపాట్లు సాధారణముగా జరుగుచున్నవి. “లారీ ఖాళీగానే పోవుచున్నది గదా, తేలిక వాహనపు లైసెన్సు చాలును” అని కొందరందురు. ఇది తప్పు. లెక్కింపవలసినది పత్రమునందు వ్రాసిన మొత్తపు బరువేగాని, ఆ దినమున మోయుచున్న బరువు కాదు. “వ్యాను చిన్నది గనుక ఎంత యెత్తినను చిన్నదే” అని మరికొందరందురు. దాని లైసెన్సు తరగతి మారదన్నమాట నిజమే. కాని అనుమతికి మించి సరకెత్తుట వేరొక నేరము. దానికి 20,000 రూపాయల జరిమానాయు, మించిన ప్రతి టన్నునకు 2,000 రూపాయల చొప్పున అదనపు జరిమానాయు 2019వ సంవత్సరపు సవరణలో విధింపబడినవి.

సర్వోన్నత న్యాయస్థానపు తీర్పు

1994 సవరణ తరువాత ఒక చిక్కు పుట్టినది. చిన్న సరకుల వ్యాను బరువునుబట్టి తేలిక వాహనము. కిరాయి సరకు మోయుటనుబట్టి ట్రాన్స్‌పోర్టు వాహనము. అట్టి వ్యానును నడుపుటకు ఎల్.ఎం.వి. లైసెన్సు చాలునా, ట్రాన్స్‌పోర్టు అనుమతి గూడ వలయునా? చాలదని బీమా కంపెనీలవారు, చాలునని యజమానులు ఏండ్ల తరబడి వ్యాజ్యెములు నడిపిరి. 2017లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము చాలునని తీర్పు చెప్పినది. దానిపై మరల సందేహములు లేవదీయబడగా, విషయము అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనమునకు పోయినది. వారు 2024 నవంబరు 6వ తేదీన, మొత్తపు బరువు 7,500 కిలోలకు మించని ట్రాన్స్‌పోర్టు వాహనమును ఎల్.ఎం.వి. లైసెన్సు గలవాడు వేరు అనుమతి లేకయే నడపవచ్చునని తీర్పు చెప్పిరి. ట్రాన్స్‌పోర్టు వాహనములకై చట్టమునందున్న అదనపు నియమములు ఆ బరువును మించిన వాహనములకే వర్తించునని గూడ స్పష్టపరచిరి.

చిన్న వ్యానులు గల సభ్యులకు ఈ తీర్పు గొప్ప ఊరట. కాని దీనిని మితిమీరి అర్థము చేసికొనరాదు. 7,500 కిలోలకు ఒక్క కిలో మించినను ట్రాన్స్‌పోర్టు అనుమతి యుండి తీరవలెను. పెట్రోలు, గ్యాసు మొదలగు ప్రమాదకరములగు సరకులను మోయు వాహనములకు ప్రత్యేక శిక్షణయు, ప్రత్యేకానుమతియు ఎప్పటివలెనే కావలయును.

ట్రాక్టరు, ట్రాలీల సంగతి

మన రైతులకు ముఖ్యముగా కావలసినది ట్రాక్టరు సంగతి. సేద్యమునకు వాడు ట్రాక్టరు ఉత్త బరువు సామాన్యముగా రెండు టన్నుల ప్రాంతమున నుండును గనుక, అది తేలిక మోటారు వాహనమే. దానికి ట్రాలీ తగిలించి సరకెత్తినంతమాత్రమున, ట్రాక్టరు నడుపుటకున్న లైసెన్సు చెల్లకపోదని 2001లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. కావున చెరకు ట్రాలీని లాగు ట్రాక్టరునకు హెవీ లైసెన్సు అక్కరలేదు. అయితే తగిన లైసెన్సు ఏదియో ఒకటి యుండవలెను. పొలము దున్నుటలో ఎంతటి నేర్పరియైనను, లైసెన్సు లేక ట్రాక్టరును రహదారి కెక్కించుట నేరమే.

ట్రాలీ గూడ చట్టము దృష్టిలో నొక వాహనమే. దానికి వేరుగా రిజిస్ట్రేషను కావలెను. బీమా పాలసీలో ట్రాలీ చేరినదో లేదో చూచుకొనవలెను. పాలసీలో “వ్యవసాయపు పనులకు మాత్రమే” అని వ్రాసియున్నచో, ఇటుకల బట్టీకి మట్టి తోలుట వ్యవసాయపు పని కాదు. సరిగా ఇట్టి వ్యాజ్యెమే 2007లో సర్వోన్నత న్యాయస్థానమునకు వచ్చినది. వ్యవసాయమునకై బీమా చేసిన ట్రాక్టరుతో ఇటుకబట్టీకి మట్టి తోలుచుండగా, ట్రాలీపైనున్న కూలివాడు గాయపడెను. ట్రాలీకి బీమా లేకుండెను. బీమా కంపెనీకి బాధ్యత లేదని న్యాయస్థానము నిర్ణయించినది. ఆ కూలివాని పేదరికమును చూచి, న్యాయస్థానము తన ప్రత్యేకాధికారముచే కంపెనీని ముందుగా చెల్లింపుమని, పిదప యజమానినుండి రాబట్టుకొమ్మని ఆజ్ఞాపించినది. కూలివానికి సొమ్ము ముట్టుటకు దారి యేర్పడినది. తుదకు భారము మాత్రము యజమానిపై నిలిచినది.

కొత్త అమావాస్యకు నూకాంబిక అమ్మవారి జాతరకు గాని, పెండ్లిండ్లకు గాని ట్రాలీలో జనులను నింపుకొని పోవుట మన పల్లెలలో వాడుకగా నున్నది. ట్రాలీ సరకులకే గాని మనుష్యులకు ఏర్పడినది కాదు. ఏ లైసెన్సును దీనికి అనుమతి నీయదు. అట్లు పోవువారికి హాని కలిగినచో, బీమా అక్కరకు వచ్చునను ఆశ పెట్టుకొనరాదు. బంధువులను, ఇరుగుపొరుగువారిని మన వాహనమున నెక్కించుకొని, వారి కుటుంబములకు ఆధారము లేకుండ చేయుట కంటె దుఃఖకరమైనది లేదు.

ట్రాన్స్‌పోర్టు లైసెన్సు పొందు విధము

లారీ నడుపుట వృత్తిగా గైకొనదలచిన రైతుబిడ్డలు ఈ క్రమమును తెలిసికొనవలెను. మొదట ఎల్.ఎం.వి. లైసెన్సు పొందవలెను, దానికి 18 ఏండ్లు నిండియుండవలెను. అది చేతికి వచ్చి కనీసము ఒక సంవత్సరము గడచిన పిదపనే ట్రాన్స్‌పోర్టు వాహనమునకు లెర్నరు లైసెన్సు ఇత్తురు. వయస్సు 20 ఏండ్లు నిండవలెను. వైద్యుడు నిర్ణీతమగు నమూనాలో ఇచ్చిన ఆరోగ్యపత్రము జతపరచవలెను. కంటిచూపు దీనిలో ముఖ్యము. రాత్రి ప్రయాణములు చేయువాడు దీనిని లంఛనమాత్రముగా తలపరాదు.

లెర్నరు లైసెన్సు ఆరు మాసములు చెల్లును. ఈ కాలమున ప్రభుత్వానుమతి గల డ్రైవింగు స్కూలులో శిక్షణ పొంది, వారి ధ్రువపత్రము తీసికొనవలెను. ట్రాన్స్‌పోర్టు లైసెన్సునకు ఈ ధ్రువపత్రము తప్పనిసరి. లెర్నరు లైసెన్సు పొందిన 30 దినముల పిదప పరీక్షకు పోవచ్చును. ఏ తెగ వాహనమునకు లైసెన్సు కోరుదురో ఆ తెగ వాహనముపైననే పరీక్ష జరుగును. దరఖాస్తులు కేంద్రప్రభుత్వమువారి సారథి వెబ్‌సైటు ద్వారమున చేయవచ్చును. పరీక్షకు రవాణాశాఖవారు నిర్ణయించిన చోటికి స్వయముగా పోవలెను.

పూర్వము ట్రాన్స్‌పోర్టు లైసెన్సునకు ఎనిమిదవ తరగతి చదువు ఉండవలెనను నియమముండెను. చదువు లేకున్నను నేర్పుగల పేదలకు ఇది అడ్డముగా నుండుటచే 2019లో దీనిని తీసివేసిరి. కావున బడి మానిన యువకులు నిరుత్సాహపడనక్కరలేదు. అయినను రహదారి గుర్తులను గుర్తించు జ్ఞానము లేనిదే పరీక్ష నెగ్గజాలరు. శిక్షణ పొందకయే దళారికి సొమ్మిచ్చి కార్డు తెప్పించుకొనువాడు తన ప్రాణమునకును, యజమాని ఆస్తికిని ముప్పు తెచ్చుకొనుచున్నాడు. కార్డు నకిలీదని తేలినచో ఆ సొమ్మంతయు వ్యర్థమే.

గడువు, శిక్షలు

ట్రాన్స్‌పోర్టు లైసెన్సు అయిదు సంవత్సరములు చెల్లును. 2019 సవరణకు పూర్వము మూడు సంవత్సరములే యుండెను. కారు, ట్రాక్టరు మొదలగువానికి గడువు వయస్సునుబట్టి యుండును: 30 ఏండ్ల లోపువారికి 40వ యేటి వరకు, 30 మొదలు 50 ఏండ్ల లోపువారికి పదేండ్లు, 50 మొదలు 55 లోపువారికి 60వ యేటి వరకు, అటుపై అయిదేసి యేండ్లు. ఒకే కార్డుపై ఈ రెండు గడువులును వేరువేరుగా నుండవచ్చును. తేలిక వాహనపు గడువు మిగిలియున్నదని చెప్పి, ట్రాన్స్‌పోర్టు గడువు తీరినవానికి పెద్ద లారీ నప్పగింపరాదు.

గడువు తీరుటకు ఒక సంవత్సరము ముందుగానే పునరుద్ధరణకు దరఖాస్తు చేసికొనవచ్చును. గడువు తీరి ఒక సంవత్సరము దాటినచో మరల పరీక్ష ఇయ్యవలసి వచ్చును. గడువు తీరిన దినమునకును, పునరుద్ధరింపబడిన దినమునకును నడుమ కాలమున ఆ మనిషి చేత లైసెన్సు లేనట్లే భావింపవలెను. చెరకు తోలకము ముమ్మరముగా నున్న దినములలో “తరువాత చూచుకొందము” అని జాగుచేయుట చాల ప్రమాదము.

తగిన లైసెన్సు లేక నడపువానికి మూడు మాసముల వరకు కారాగారము గాని, 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. అట్టివానికి వాహనమిచ్చిన యజమానికిని అదియే శిక్ష. పదునెనిమిది ఏండ్లు నిండని బాలుడు రహదారిపై వాహనము నడిపి నేరము చేసినచో శిక్ష మరింత కఠినము. సంరక్షకుడు గాని యజమాని గాని దోషియగును. మూడు సంవత్సరముల వరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా కలవు. ఆ వాహనపు రిజిస్ట్రేషను 12 మాసములు రద్దగును. ఆ బాలునకు 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు రాదు. కుమారుడు పొలములో ట్రాక్టరును తిప్పుట చూచి మురిసి, దానిని రహదారి కెక్కింపనిచ్చు తండ్రులు ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను.

యజమాని చేయవలసినది

ఇంతవరకు చెప్పినదానిచే రైతులు భయపడవలసిన పనిలేదు. శ్రద్ధ వహించు యజమానిని న్యాయస్థానములు కాపాడుచున్నవి. లైసెన్సులో లోపమున్నదని చూపినంతమాత్రమున బీమా కంపెనీ బాధ్యత తప్పించుకొనజాలదనియు, యజమాని తెలిసియో, తగు శ్రద్ధ లేకయో అట్టివానికి వాహనమప్పగించెనని రుజువు చేయవలెననియు సర్వోన్నత న్యాయస్థానము 2004లో తీర్పు చెప్పినది. కావున యజమాని తీసికొన్న శ్రద్ధయే ఆయనకు రక్ష. ఆ శ్రద్ధ కాగితముపై కనబడునట్లుండుట మంచిది.

క్రొత్తవానిని పనిలో పెట్టుకొనునపుడు అసలు కార్డును అడిగి చూడవలెను; నకలు చూచి తృప్తిపడరాదు. వాహనపు రిజిస్ట్రేషను పత్రమునందలి బరువును, కార్డునందలి తెగను పక్కపక్కన పెట్టి సరిచూడవలెను. ఆ తెగకు గడువు ఎప్పటివరకున్నదో గోడపంచాంగముపై గుర్తు పెట్టుకొనవలెను. లైసెన్సు నంబరును, పుట్టినతేదీని నమోదు చేసి సారథి వెబ్‌సైటునందు కార్డు నిజమైనదో కాదో చూచుకొనవచ్చును. ఇంటనున్న చదువుకొన్న పిల్లలు దీనిని నిమిషములలో చేయగలరు. కార్డు నకలు నొకదానిని తీసి తేదీ వేసి, బీమా పాలసీతో కలిపి భద్రపరచవలెను. కొన్ని దినములు ప్రక్కన కూర్చుండి వాని నేర్పును పరీక్షింపవలెను.

సంఘములు ట్రాక్టరులను గాని లారీలను గాని స్వంతముగా నుంచుకొని సభ్యులకు అద్దె కిచ్చునపుడు, యజమాని సంఘమే. అచట కలుగు నష్టము ఒక కుటుంబముతో పోక, సభ్యులందరి వాటా ధనముపై పడును. కావున అట్టి సంఘముల కార్యదర్శులు ఒక పుస్తకమును తెరచి, ప్రతి వాహనమునకు ఎదురుగా దాని మొత్తపు బరువు, బీమా గడువు, నడపువాని లైసెన్సు తెగ, దాని గడువు వ్రాసి, ప్రతి మాసము పాలకవర్గ సమావేశమున చదివి వినిపింపవలెనని కోరుచున్నాము. డ్రైవరులకు ట్రాన్స్‌పోర్టు లైసెన్సు పొందుటకగు ఖర్చును సంఘము అప్పుగా నిచ్చి, జీతమునుండి కొలదికొలదిగా రాబట్టుకొనినచో, డ్రైవరునకు వృత్తియు, సంఘమునకు నిశ్చింతయు కలుగును.

రానున్న గానుగల కాలమునకు ముందే సభ్యులు తమ వాహనములను మరమ్మతు చేయించుకొందురు గదా. టైరులను, బ్రేకులను చూచుకొను ఆ దినముననే నడపువాని కార్డును గూడ తీసి ఒకసారి చూడుడు. పత్రమునందలి బరువు, కార్డునందలి తెగ, గడువు తేదీ, ఈ మూడును కుదిరినచో బండిని రహదారి కెక్కింపుడు. ఏ యొకటి కుదరకున్నను, అది సరియగువరకు ఇంటనే నిలుపుడు.